మడుగులోంచి లేవని దున్నపోతు

మెట్‌పల్లి చివర మిషన్ కాంపౌండులో బోరు మోటరు గదికి ఒకటే తాళంచెవి. అది సంఘం సెక్రటరీ బెంజమిన్ నడుముకు వేలాడుతుండేది. ఎండాకాలంలో ఎవడో స్టార్టరు ఎత్తుకుపోతే, దొంగ భయం పోయేదాకా తన దగ్గరుంచుకుంటానని తీసుకున్నాడు. దొంగ మళ్లీ రాలేదు. తాళంచెవీ తిరిగి రాలేదు. పొద్దున బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు గట్టిగా "వందనాలన్నా" అంటే మోటరు గట్టిగా నడిచేది. మెల్లగా అంటే కరెంటు పోయేది.

మహిమ మెల్లగా అనే మనిషి. అందుకని ఆమె ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలూ కడగాల్సి వచ్చేది. ఆ తాళంచెవి ఎలాగైనా ఆ నడుము దిగాలి. నేరుగా అడిగితే ఆయన జవాబు ఒకటే: "అంటే, దొంగలు రావాల్నా మీకు?"

కోతపండుగకు నాటిక రాయమని సంఘం అడిగేసరికి మహిమ ఒక దున్నపోతును రాసింది. మడుగులో పాము దూరుతుంది. దున్నపోతు దిగి పామును తరుముతుంది. తరిమి, మడుగుకు తనే రాజునంటూ ఇక లేవదు. మేకలూ కోళ్లూ నీళ్లకొస్తే, "పాము మల్ల రావాల్నా మీకు?" అంటుంది.

చదివిన భర్త జోయల్ తల పట్టుకున్నాడు. "మహిమా, గిది గుడ్డోనికి సుత సమజైతది. రేపటి సంది మనకు తాగుటానికి నీళ్లుండయ్."

"గుడ్డోనికైతది. దున్నపోతుకైతదో లేదో సూద్దాం."

బెంజమిన్ చదువుతూ చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బబ్బ! గీ దున్నపోతు పక్కూరి సర్పంచే గద చెల్లే! అచ్చం గట్లనే దింపినవ్! గా రాజు ఏషం నేనే ఏస్త. నడుముకు గీ తాళంచెవి సుత ఉండనీ. రాజన్నంక రువాబుండాలె."

మహిమ నవ్వు ఆపుకోవడానికి బుగ్గలు లోపల్నుంచి కొరుక్కుంది. అక్కడే నిలబడి ఆఖరి సీనులో ఒక పంక్తి చేర్చింది: దున్నపోతు తాళంచెవిని కానుకల బల్ల మీద పెట్టి మడుగులోంచి లేస్తుంది.

"గక్కడ చప్పట్లే చప్పట్లు!" అన్నాడు బెంజమిన్.

కోతపండుగ నాడు కానుకల బల్ల మీదికి చేరిందేదైనా దేవునిది. పొరపాటున పెట్టినా వేలం పాడాల్సిందే. కిందటేడు మగ్దలేనమ్మ పెద్దమ్మ గుమ్మడికాయతో పాటు గొడుగూ పెట్టి మరిచిపోతే, రూలు రూలేనని దాన్ని పాడించింది బెంజమినే.

పండుగ రానే వచ్చింది. అట్టకొమ్ములు తలకు కట్టుకుని, ఒళ్లంతా బొగ్గు పూసుకుని దిగాడు బెంజమిన్. దిగీ దిగగానే రాసిన మాటలు మరిచి సొంతవి అందుకున్నాడు. "గట్టిగ అనుర్రి వందనాలు! ఇనబడ్తలేదు! నేను లేకుంటె మీరు ఎండి సచ్చెటోళ్లు!" షామియానా కింద జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మేక వేషమామె నవ్వలేక కూలబడింది. తన నటనకే అనుకుని ఆయన ప్రతి మాటా రెండేసిసార్లు చెప్పాడు. చివరికి మక్కకంకుల నడుమ తాళంచెవి టంగుమని పెట్టి, నాలుగు దిక్కులా వంగి దండాలు పెట్టాడు.

వేలం మొదలైంది. పాట పెట్టే బక్కయ్య కోళ్లు అమ్మాడు, గుమ్మడికాయలు అమ్మాడు, ఆపై తాళంచెవి ఎత్తాడు. "ఇగ గిది! పాడుర్రి!"

కొమ్ములతోనే బెంజమిన్ లేచాడు. "ఏ బక్కన్నా, గది నాటకం సామాను. ఇటియ్యి."

"బల్ల మీదికొచ్చినంక నీది గాదు, నాది గాదు సారూ."

"రూలు రూలే గద బిడ్డా," అంది మగ్దలేనమ్మ. "నా గొడుగు యాదికుందా?"

"అయితే నేనే పాడ్త!"

బక్కయ్య కొంచెం కూడా నవ్వకుండా అడిగాడు. "పాడేది దున్నపోతా, సెక్రటరీ సారా? దున్నపోతుకు పాట లేదు. సారే అయితే, దున్నపోతు నడుముకు సారు తాళంచెవి ఎట్లొచ్చె?"

బెంజమిన్ నోరు తెరిచి, కొమ్ములు తడుముకుని, చుట్టూ మొహాలన్నీ చూశాడు. పక్కూరి సర్పంచి ఎక్కడా లేడు.

"అంటె... గది నేనా?"

"వందనాలన్నా!" అని వెనక నుంచి ఒక కోడి వేషం కూసింది. షామియానా ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. ఆ నవ్వులోనే ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో తాళంచెవిని వేలం పాడేసుకున్నారు.

ఆడవాళ్లు గది తెరవగానే మోటరు గర్రుమంది. పిల్లలు పైపు కింద తడుస్తుంటే మగ్దలేనమ్మ తాళంచెవిని కొంగున ముడేసుకుంది. "ఇగ నా కాడుంటది. నా అంత పైలంగ ఎవరుంచుతరు? మల్ల దొంగలొస్తే?"



మహిమ బెంజమిన్ తల మీది కొమ్ములు మెల్లగా విప్పి, దులిపి, పెద్దమ్మ తలకు సరిపోతాయా అని కొలత చూసింది.

ముసలామె కొమ్ముల్నీ, తన కొంగుముడినీ మార్చి మార్చి చూసి, బోసినోరు తెరిచి ఫక్కున నవ్వింది. "ఓ అవ్వో! నాకద్దు తల్లీ!"

జోయల్ మోటరు గది బయట గోడకు మేకు కొట్టాడు. తాళంచెవి దానికెక్కింది. పక్కన కొమ్ములు కూడా తగిలించింది మహిమ.

మర్నాడు పొద్దున బెంజమిన్ చెవి వెనక బొగ్గుమసితో, బిందె పట్టుకుని వరుసలో చివర నిలబడ్డాడు. మహిమ వెనక్కి తిరిగి, పెళ్లయి వచ్చాక మొదటిసారి, కాంపౌండు అంతా వినిపించేలా అంది:

"వందనాలన్నా!"