అట్ట ఇంజిన్

పాత ఇంజిన్ పైకి లేచి పక్కకి వెళ్ళాక పికప్ ముందు భాగం నోరు తెరిచిన పెట్టెలా మిగిలింది. నేను వంగి లోపలికి చూశాను. ఇన్నేళ్ళు ఈ బండిలో తిరిగాను కానీ ఇందులో ఇంత చోటుందని తెలియదు.

"మాస్టారు బావా, అంతగా వంగకు. నువ్వు అందులో పడితే నిన్ను ఎత్తడానికి మళ్ళీ గొలుసు కప్పీ దించాలి," అన్నాడు మా బావమరిది.

షెడ్డు అతనిది. బండి మా ఆవిడది, అంటే అతని అక్కది. మొక్కల నర్సరీ నడిపేది. కుండీలూ ఎరువు బస్తాలూ నారు ట్రేలూ వేసుకుని తనే తోలుకుపోయేది. పోయిన వానల్లో ఆమె చనిపోయింది. బండి నర్సరీ వెనక నిలబడిపోయింది. ఎక్కణ్ణించో ఇంజిన్‌లోకి నీళ్ళు దిగి, లోపలంతా తుప్పు పట్టి, పిస్టన్లు బిగుసుకుపోయాయి. ఎండలు మొదలయ్యాక మా అమ్మాయి తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది.

నర్సరీ ఇప్పుడు మా అమ్మాయిది. అద్దె బళ్ళలో మొక్కలు పంపుతోంది. ఆ డ్రైవర్లకి బంతి మొక్కా ఒకటే, సిమెంటు బస్తా ఒకటే. దించేసరికి సగం కొమ్మలు విరిగి ఉంటున్నాయి. ఈ బండికి సరిపోయే ఇంజిన్ ఇప్పుడెక్కడా దొరకదట. స్క్రాప్ యార్డులో వేరే రకం వ్యాను ఇంజిన్ ఒకటి, గేర్ బాక్సుతో సహా, మంచి స్థితిలో ఉందని బావమరిది కనిపెట్టాడు.

"ఇందులో పడుతుందా?" అనడిగాను.

"పట్టిస్తాం."

"పట్టిస్తాం అంటే?"

"నీ క్లాసులో పిల్లలనుకున్నావా బావా? ఇనుము. గ్యాస్ మంట చూపిస్తే చెప్పిన మాట వింటుంది."

అతని పద్ధతే అది. ముందు దించడం, తగిలిన చోట కోయడం. ఆదివారం గ్యాస్ కటింగ్ అతను సిలిండర్లు తీసుకుని వస్తాడు. క్యాబిన్ నేలలో, డ్రైవర్ కాళ్ళ దగ్గర, అన్నం పళ్ళెమంత ముక్క కోసేసి, అక్కడ పైకి ఉబ్బెత్తుగా రేకు అతికిస్తారు. పెడల్స్ పీకేసి వేరేవి పక్కకి జరిపి పెడతారు. అప్పుడు కొత్త గేర్ బాక్సుకి చోటొస్తుంది. వింటే సబబుగానే అనిపించింది. క్యాబిన్ ఖాళీ చెయ్యమంటే సరేనన్నాను.

డ్రైవర్ సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదు. నాకు తోలడం రాదు. నా చోటు పక్క సీటు. ఒళ్ళో ఏదో ఒక మొక్క. ఇప్పుడు ఇటు నుంచి ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి. ఆమె పొట్టి. సీటు ముందుకి ఎంత జరుగుతుందో అంతా జరిపి ఉంది. ఇక్కణ్ణించి అద్దంలో వెనక తొట్టి మొత్తం కనిపిస్తుంది. పక్క సీటు కూడా సగం కనిపిస్తుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

అరలో పురికొస ఉండ, కత్తెర, ఒంటి చేతి తొడుగు ఉన్నాయి. తీసి సంచిలో వేశాను. కింద రబ్బరు చాప లాగడానికి వంగినప్పుడు పెడల్స్ కంటపడ్డాయి.

క్లచ్ మీద ఒకటి, బ్రేక్ మీద ఒకటి, రెండు చెక్కలు స్క్రూలతో బిగించి ఉన్నాయి. కాళ్ళకి అందడం కోసం. ఒక చెక్క అంచున 'ఏడు బి' అని నీలం సిరాతో రాసి ఉంది. రాత నాది.

అవి నల్లబల్ల తుడిచే డస్టర్లు. అడుగున గుడ్డ ఊడిపోయినవి. అప్పుడెప్పుడో ఆమె, "మీ బళ్ళో పనికిరాని డస్టర్లుంటే రెండు పట్టుకురండి," అంది. తెచ్చిచ్చాను. అద్దాలు తుడుచుకోవడానికి కాబోలు అనుకున్నాను. దినమంతా పిల్లల్ని ప్రశ్నలు అడిగేవాణ్ణి. అది మాత్రం అడగలేదు.

చెక్కల మధ్యలో, పాదం ఆనే చోట, గరిటెలా చిన్న గుంట పడి ఉంది. వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది. క్లచ్ మీది గుంట లోతు ఎక్కువ. ఎందుకు ఎక్కువ? అక్కడే కూర్చుని ఆలోచించాను. ఇరుకు వీధులు, మలుపు మలుపుకీ గేరు మార్చడం. ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో ఆ గుంటే చెబుతోంది.

బయటికొచ్చి, "నేల కోయొద్దు," అన్నాను.

"అదేంటి? ఇప్పటిదాకా తలూపావుగా?"

"ఆ పెడల్స్ కదలకూడదు. వేరే దారి చూడు."

అతను క్యాబిన్లోకి తల దూర్చాడు. చాలాసేపు తల బయటికి రాలేదు. వచ్చాక ముక్కు మోచేత్తో తుడుచుకుని, "ఇవి నేను బిగించినవి కావు బావా. అక్క తనే బిగించుకుంది. స్క్రూ ఎంత వంకరగా దిగిందో చూడు, నన్నడిగితే నేను చెయ్యనా?" అన్నాడు. తర్వాత, "సరే. కోయకుండా పట్టించే దారి ఆదివారం లోపల చూపించు, కోయను. దారి లేకపోతే మాత్రం కోస్తాను. మేనకోడలికి బండి కావాలి. అప్పుడు నా మీద అలగకూడదు," అన్నాడు.

ఒప్పుకున్నాను.

ఇంజిన్ బరువైంది. దించి చూసి, పడలేదని ఎత్తి, మళ్ళీ దించి చూడ్డం కుదిరే పని కాదు. అందుకని అదే కొలతలతో, గేర్ బాక్సుతో సహా, అట్ట ఇంజిన్ ఒకటి చేద్దామనుకున్నాను. గుండెకాయ దగ్గర్నించి అగ్నిపర్వతం దాకా అట్టతో చేయించినవాణ్ణి, ఇదొక లెక్కా అనిపించింది.

బడి వదలగానే టేపూ దారపుండా పట్టుకుని స్క్రాప్ యార్డుకి పోయాను. దగ్గర్నించి చూస్తే ఇంజిన్‌కి ఊరికే ఉన్న వంపంటూ ఏదీ లేదు. ఈ బొడిపె ఎందుకు? స్టార్టర్‌కి చోటివ్వడానికి. అడుగున ఈ తొట్టి? నూనె నిలవడానికి, చాంబర్ అంటారు. చాంబర్ ముందు వైపే లోతుగా ఎందుకుంది? యార్డు యజమాని మొదట ఓపిగ్గానే చెప్పాడు. తర్వాత కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"సార్, మీరు ఇంజిన్ కొంటున్నారా, దానికి సంబంధం చూస్తున్నారా?"

"రెండూ."

"అయితే పిల్ల కాస్త నూనె కారుస్తుంది. ముందే చెప్పేస్తున్నా."

ఇంట్లో భోజనాల బల్ల మీద అట్టలు పరిచాను. ఫ్రిజ్ వచ్చిన పెట్టె మా అమ్మాయి నర్సరీ నుంచి తెచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"ఏంటి నాన్నా, సైన్స్ ఫెయిరా?"

"అటు పట్టుకో. జిగురు ఆరాలి."

"ప్రైజొస్తే సగం నాది," అని పట్టుకుంది. ఆ బల్ల దగ్గర మేమిద్దరం ఒకేసారి కూర్చుని చాలా రోజులైంది. అట్ట ఆరేదాకా ఇద్దరం కదలలేదు.

శుక్రవారం సాయంత్రం అట్ట ఇంజిన్‌ని షెడ్డుకి మోసుకుపోయాం. బావమరిది దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అబ్బో! స్టార్ట్ అవుతుందా?" అన్నాడు. ముగ్గురం కలిసి ఖాళీలోకి దించాం. ముందొక ఇటుక, వెనకొక ఇటుక పెట్టాను. పైన రసమట్టం ఆనించి బుడగ సరిగ్గా మధ్యకొచ్చేదాకా సర్దాను. నల్లబల్ల మీద గీత వంకరపోతే చెరిపి మళ్ళీ గీసే చెయ్యి నాది.

పట్టలేదు. చట్రానికి ముందు వైపు ఒక అడ్డ దూలం ఉంది. చాంబర్ దాని మీద కూర్చుంది. దూలం తగలకుండా ఇంజిన్ పైకి లేపితే, వెనక గేర్ బాక్సు గుండ్రటి డొప్ప వెళ్ళి క్యాబిన్ నేలకి తగిలింది. దించితే ముందు, లేపితే వెనక. రెండు వేళ్ళ మందం తేడా. నాలుగు రకాలుగా ప్రయత్నించాం. ప్రతిసారీ రసమట్టం చూసుకున్నాను. ప్రతిసారీ అంతే.

"చూశావుగా బావా," అన్నాడు బావమరిది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"కోసేద్దాం నాన్నా," అంది అమ్మాయి. "చెక్కలు తీసి ఇంట్లో దాచుకుందాం."

దాచుకోవడం నాకు చేతనవును. ఇంట్లో చాలానే దాచాను. ఆమె వస్తువు ఒక్కటైనా, ఆమె పాదం కింద ఉన్న చోటే ఉండిపోవాలని నా కోరిక. అది వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. బావమరిది ఎవరిదో కారు కింద ఉన్నాడు; కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. చేసేదేమీ లేక పాత ఇంజిన్ దగ్గర కూర్చున్నాను. దాన్ని రెండు దుంగల మీద చదునుగా నిలబెట్టారు. పక్కలంతా ఏళ్ళ తరబడి నూనె కారి ఎండిపోయిన చారలు. చూస్తూంటే ఒక సంగతి వింతగా తోచింది. ఒక్క చార కూడా నిలువుగా లేదు. కిందికొచ్చేకొద్దీ అన్నీ వెనక్కి, గేర్ బాక్సు వైపుకి, ఒకేలా ఒరిగి ఉన్నాయి.

"నూనె ఏటవాలుగా కారుతుందా?" అనడిగాను.

"ఏంటీ?" అన్నాయి కాళ్ళు.

"ఈ చారలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి."

"ముందు ఫ్యాన్ తిరుగుతుంది కదా. గాలికి అలా పోయుంటాయి."

వెతికాను. స్టార్టర్ వెనక గాలి చొరబడని మూల ఉంది. అక్కడి చార కూడా అంతే వాలుగా ఉంది. "గాలి కాదు," అన్నాను. "నూనె ఎప్పుడూ నిట్టనిలువుగానే కారుతుంది. చార వాలి ఉందంటే, బండిలో ఉన్నప్పుడు ఇంజినే వాలి ఉంది."

కాళ్ళు ఆగాయి. తర్వాత నడుము, తర్వాత మొహం బయటికొచ్చాయి. ఆ మొహం కాసేపు నన్నూ, కాసేపు ఇంజిన్‌నీ చూసింది.

"వాలే ఉంటుంది బావా! ముందు ఎత్తు, వెనక పల్లం. చాలా బళ్ళలో అంతే. చిన్నప్పట్నించీ బిగిస్తున్నాను, ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరి నిన్న చెప్పలేదేం?"

"నువ్వు ఆ బుడగ పెట్టి, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు నిలబడితే ఇంకేం గుర్తొస్తుంది? నేను ఇంజిన్ని చూశానా, నీ బుడగనే చూస్తూ కూర్చున్నా!" అని నుదురు కొట్టుకున్నాడు. నుదుటి మీద నల్లటి అరచెయ్యి అచ్చు పడింది. "ముందు లేస్తే దూలం తగలదు. వెనక దిగితే నేల తగలదు. రేపు పొద్దున్నే మేనకోడల్ని తీసుకురా. క్లచ్ నొక్కితే కింద ఒక కడ్డీ కదులుతుంది. అది కొత్త డొప్పకి తగులుతుందేమో చూడాలి."

ఆదివారం మేం వెళ్ళేసరికి గ్యాస్ కటింగ్ అతను వచ్చి, సిలిండర్ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అట్ట ఇంజిన్ ఖాళీలో ఉంది. ఈసారి రసమట్టం నా సంచిలోంచి తియ్యలేదు. బావమరిది వెనక ఇటుక తీసేసి, ముందు భాగం చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. చాంబర్ దూలాన్ని దాటింది. నేను నేలమీద పడుకుని చూశాను. డొప్పకీ క్యాబిన్ నేలకీ మధ్య వేలు దూరింది. బానెట్ దించి చూశాం, మూసుకుంది.

"అమ్మాయ్, ఎక్కి క్లచ్ నొక్కు," అని కేకేశాడు బావమరిది.

కడ్డీ కదల్లేదు.

"నొక్కవే!"

"నొక్కుతున్నా మామయ్యా, ఆగు!"

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయిది నా పొడుగు. మోకాళ్ళు రెండూ స్టీరింగ్‌కి అటూ ఇటూ కప్పలా పెట్టుకుని, ఒక చేత్తో కాలు పైకి లాగి పెడల్ మీద పెట్టాలని చూస్తోంది. చెక్క ఎత్తు వల్ల కాలు మడవడానికి చోటే లేదు. నన్ను చూసి కాలు వదిలేసింది.

"పర్వాలేదు నాన్నా. అలవాటైపోతుంది."

ఈ బండి ఎవరు తోలతారో నాకు మొదట్నించీ తెలుసు. ఇంజిన్ కొలిచాను, దూలం కొలిచాను, నేల కొలిచాను. తోలే మనిషిని కొలవలేదు.

"ఒకసారి దిగమ్మా," అన్నాను. "స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?"

బావమరిది ముందు నుంచి తల తిప్పి చూశాడు. గ్యాస్ అతనే స్క్రూడ్రైవర్ వెతికి అందించాడు. వంకరగా దిగిన స్క్రూ చాలాసేపు మొండికేసింది. రెండు డస్టర్లూ ఊడి నా చేతిలోకొచ్చాయి. తర్వాత సీటు కింది మీట ఎత్తి లాగాను. ఎన్నేళ్ళుగా కదలని సీటో, కిర్రుమంటూ వెనక్కి జరిగింది.

"కూర్చో."

కూర్చుంది. కాళ్ళు చాపింది. అద్దం తన ఎత్తుకి తిప్పుకుంది.

"బావా, నా చెయ్యి పడిపోతోంది," అన్నాడు బావమరిది. "ఇంజిన్ని చట్రానికి బిగించే ముందు వైపు ఫౌండేషన్ల కింద ఎంత ఎత్తు పెట్టాలో కొలత తీసుకోవాలి. ఇక్కడ దూర్చడానికి ఏదైనా ఇవ్వు. ఇంకో ఇటుకైతే ఎక్కువవుతోంది."

చేతిలో ఉన్నదే ఇచ్చాను. 'ఏడు బి' అని ఉన్న దాన్ని. అట్ట ఇంజిన్ కింద ఎడమ పక్కన దూర్చాడు. అడ్డంగా సరిపోయింది. చెయ్యి వదిలి చూశాడు. నిలిచింది.

"ఇదే కొలత. ఈ మందాన ఇనప దిమ్మెలు చేయించాలి. రేపు లేత్ దగ్గరికి దీన్నే పట్టుకెళ్తా."

"జాగ్రత్తగా తీసుకురా."

"అది నువ్వు చెప్పాలా?" అని, కుడి పక్కకి చెయ్యి చాపాడు. "రెండోది?"

రెండోదీ ఇచ్చాను.

"అయితే నేనింక వెళ్ళొచ్చాండీ?" అన్నాడు గ్యాస్ అతను, గ్లాసు కింద పెట్టి.

"ఉండండి," అంది అమ్మాయి లోపల్నించి. "నాన్నా, చూడు. నొక్కుతున్నా."

నేను మళ్ళీ నేలమీద పడుకున్నాను. కడ్డీ ముందుకొచ్చింది, దేన్నీ తగలకుండా వెనక్కి పోయింది.

"ఇంకోసారి," అన్నాను.