మామయ్య నడక పాటలు

తోడికోడళ్ళు ఒక ఇంట్లో ఇమడరంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో మా అక్కను చూసి ఉండరు. అక్కంటే నా తోడికోడలు, మా ఆయనకు వదిన. మందుల షాపులో ఫార్మసిస్టు. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆవిడకు ఎక్కడుంటుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. నిండుకుండ తొణకదని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నానే గానీ, ఆ కుండను కళ్ళారా చూసింది మాత్రం ఈ ఇంటికొచ్చాకే.

ఇంట్లో పాటల పెత్తనమంతా అక్కదే. హాల్లో కంప్యూటరు, వంటింట్లో టాబ్, అందరి ఫోన్లు, కారు, మామయ్యగారి మంచం పక్కనుండే చిన్న స్పీకరు, అన్నిట్లోనూ ఒకే పాటలుంటాయి. ఒకచోట కొత్త పాట చేరిస్తే కాసేపటికి అన్నిచోట్లకీ చేరుతుంది. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవాటికి గరగర తీసేసి, పాడినవాళ్ళ పేర్లు సరిచూసి మరీ పెడుతుంది. బావగారు ఉద్యోగరీత్యా ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటారు. ఆయన ఏ హోటల్ గదిలో ఉన్నా మా వంటింట్లో వినిపించే పాటే ఆయనకూ వినిపిస్తుంది.

మామయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు మొరాయించినప్పుడు అక్క అసలు ప్రతాపం చూశాను. ఏదైనా తాళానికి అడుగులు వేయిస్తే కాలు త్వరగా దారికొస్తుందని ఫిజియోథెరపిస్టు చెప్పి, తాళం కొట్టే డబ్బా ఒకటి తెచ్చాడు. మామయ్యగారు రైలు గార్డుగా రిటైరైన మనిషి, పట్టుదల ఎక్కువ. "టకటకమని మోగే ఆ డబ్బా పెట్టి నన్ను ఆడించకండి. పెడితే నా పాటలు పెట్టండి" అన్నారు. ఆయన పాటలేమో పరుగులు పెట్టేవి. అక్క ఆ పాటల్ని కంప్యూటర్లో నెమ్మది చేసింది. నెమ్మది చేస్తే గొంతు నూతిలోంచి వచ్చినట్టు బొంగురుపోయింది. వేగం తగ్గాలి, గొంతు మాత్రం మారకూడదని పట్టుబట్టి కూర్చుని, ఆఖరికి సాధించింది. మామయ్యగారికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన తన పాటకే తాను నడుస్తున్నాననుకున్నారు.

కాలు కాస్త మెరుగైనప్పుడల్లా ఆవిడ పాటను ఇంకొంచెం వేగం చేసేది. అయితే పాతదాన్ని తీసేసేది కాదు. "పాతదాని మీద కొత్తది రుద్దడం నాకిష్టం ఉండదే" అనేది. అలా ఒక్కొక్క పాటకూ బోలెడన్ని రూపాలు తయారయ్యాయి, అన్నిటికీ పేరు ఒకటే.

ఇక మా ఆయన సంగతి. ఇంట్లో ఆయన్ని చీపురు అంటాం. తాగుతున్న కాఫీ కప్పు కూడా కడిగేసే రకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు, నాలుగోది లెక్కపెట్టి చూపించినా నమ్మడు. శనివారం సాయంత్రం కంప్యూటరు నిండిపోయిందని మెసేజీ వచ్చేసరికి ఆయనకు పండగైంది. ఒకే పాట అన్నేసిసార్లు ఎందుకుందని, డూప్లికేట్లు ఏరేసే యాప్ ఒకటి వేశాడు. అది శుభ్రంగా ఒక్కో పాటకు ఒక్కటే, అసలైన వేగమున్నదే ఉంచి మిగతావన్నీ ఏరేసింది. ఈయన ఊరుకుంటాడా? కంప్యూటర్లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఇంట్లో ఉన్న ప్రతి పెట్టెలోంచీ అవి తుడిచిపెట్టుకుపోయాయి.

ఆదివారం పొద్దున అక్క షాపుకు వెళ్ళాక మామయ్యగారు నడవాలోకి వచ్చి కర్ర పుచ్చుకుని నిలబడ్డారు. రోజూ పెట్టే పాటే నొక్కాను. అది మొదలవడమే కూత వేసిన రైలులా దూసుకుపోయింది. ఆపేలోపే ఆయన ఎడమకాలు కుడికాలికి అడ్డంపడింది. గోడవారగా జారిపోతుంటే భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. దెబ్బ తగల్లేదు గానీ ముఖం పాలిపోయింది.

"నిన్నటి పాటే కదమ్మా?" అన్నారు.

చప్పుడుకు పరిగెత్తుకొచ్చిన మా ఆయన, ఇంకా ఆరని చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఉన్నదంతా కక్కేశాడు. "నాకేం తెలుసు నాన్నా, వదిన నెమ్మది చేసి పెట్టినవని! డూప్లికేట్లనుకుని తీసేశా!"

మామయ్యగారు మా ఇద్దరి ముఖాలూ చూశారు. "అంటే ఇన్నాళ్ళూ నా కోసం పాటను కూడా కుంటిదాన్ని చేశారన్నమాట. నేను నడిచిందంతా ఉత్తిదేనన్నమాట." కర్ర గోడకు ఆనించారు. "చక్రాల కుర్చీ ఏదో చూడండి. ఇక నడవను."

కూర్చుంటే కాలు బిగుసుకుపోతుందని, మళ్ళీ లేపడం కష్టమని ఫిజియోథెరపిస్టు మొదటిరోజే హెచ్చరించాడు. అక్కకు ఫోన్ చేసి మా ఆయన మీద ఉన్న కోపమంతా ఆవిడ చెవిలో పోశాను. అంతా విని, "మామయ్యకు దెబ్బ తగిలిందా?" అంది. లేదన్నాను. "అయితే ఏం ఫర్వాలేదు. తెచ్చినవి కూడా తుడుచుకుపోకుండా, ఇంట్లో అన్నిటికీ నెట్ ఆపేసి పెట్టు. నేను పాటలన్నీ దాచిన డిస్క్ పట్టుకొస్తా."

ఆ డిస్క్ షాపులో ఆవిడ సొరుగులో ఉంటుందని నాకప్పుడే తెలిసింది. మధ్యాహ్నం వచ్చి, చెప్పులైనా సరిగ్గా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. మా ఆయన దోషిలా పక్కన నిలబడ్డాడు.

"ఇన్నిచోట్ల ఉన్నాయి కదా వదినా, ఒకచోట తీస్తే అన్నిచోట్లా ఎలా పోయాయి?"

"అవి కాపీలు కావయ్యా, అద్దాలు. ఎన్ని అద్దాలు పెట్టినా ఎదురుగా ఉన్న మనిషి లేచిపోతే అన్నీ ఖాళీయే. ఇదిగో, ఇది ఫొటో. మనిషి వెళ్ళిపోయినా ఉంటుంది." డిస్క్ తగిలించింది. "అందుకే దీన్ని దేనికీ కలిపి ఉంచను, ఇంట్లో కూడా ఉంచను. దాచామనుకుంటే సరిపోదు, వెనక్కి వస్తున్నాయో లేదో తెచ్చి చూసుకుంటూ ఉండాలి. పోయిన నెల కూడా తెచ్చి చూశా."

అన్నీ వచ్చాయి. మొదటి రోజువి, నిన్నటివి, మధ్యలోవి, ఒక్కటీ తగ్గలేదు. మా ఆయన తెరకు ముఖం ఆనించినంత పని చేశాడు. "మొట్టమొదటివి కూడా దాచావా? అవిప్పుడు ఎవరికి పనికొస్తాయి?" అక్క డిస్క్ విప్పి సంచిలో వేసుకుంది. నాకు మాత్రం ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. ఇంటిల్లిపాదీ వినేసి మరిచిపోయే వాటిని ఒక మనిషి ఇంత భద్రంగా కాపాడుతోందంటే మామూలు మాట కాదు.

పాటలు వచ్చాయి గానీ మామయ్యగారు రాలేదు. కుర్చీలోంచి కదలనన్నారు. "వద్దమ్మాయ్. జాలి పాటలు నాకొద్దు."

"నడవమనట్లేదు మామయ్యా, వినమంటున్నా" అని అక్క ఆ చిన్న స్పీకరు ఆయన పక్కన పెట్టింది. పాట మొదలైంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనిషి మంచినీళ్ళు తాగి రావచ్చు. మామయ్యగారు నొసలు చిట్లించారు.

"ఏంటిది?"

"మీరు మొట్టమొదట నడిచిన పాట. చెల్లి ఓ పక్క, నేనో పక్క పట్టుకుంటే నడిచారు. నడవా సగంలోనే కూలబడ్డారు. ఆ రోజు ఇది మీకు మరీ వేగంగా ఉందని నన్ను తిట్టారు కూడా."

"నేనా? దీనికా?"

"మీరే."

"అబద్ధం" అంటూ కర్ర అందుకున్నారు. నేను లేపబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన కోపంగా లేచి, కోపంగానే అడుగు వేశారు. తర్వాత ఇంకోటి. పాట కోసం ఆగాలని చూశారు గానీ కాలు ఆగలేదు. గాయని ఇంకా పల్లవి సాగదీస్తూనే ఉంది, మామయ్యగారు నడవా చివరికి చేరి, వెనక గది తలుపు పట్టుకుని తిరిగి మావైపు చూశారు. మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

మామయ్యగారు కర్రతో స్పీకరు వైపు చూపించారు.

"ఆపెయ్ పెద్దమ్మాయ్" అన్నారు. "నిన్నటిది పెట్టు."