బోర్లించిన కాగు

ప్రతి ఉదయం మొక్కజొన్న రొట్టె పెనం మీద వేసి, జెరూషా గుమ్మంలో బోర్లించిన ఇనుప కాగు దగ్గర చతికిలబడేది. బానిసలుగా బతికిన రోజుల్లో దొర చెవిన పడకుండా అందరూ కాగు కిందే ఏడ్చేవారు. కాగు మాటను దాచేది. జార్జియాలో ఆ నల్లవాళ్ల వాడలో ప్రతి ఇంటి కాగూ అంతే. తొంభై దాటాక జెరూషాకు మతిమరుపు వచ్చింది గానీ, అంచు కాస్త ఎత్తి చెవి పెడితే చాలు, దొర అమ్మేసిన కూతురి పేరు కాగే చెప్పేది.

ఒకప్పుడు బానిసలైన ముసలివాళ్ల కథలతో ప్రభుత్వం పుస్తకం వేస్తోందని చర్చిలో విన్నది. అందులో ఆ పేరు పడితే, ఎక్కడో ఎవరైనా "మా అమ్మే" అంటారేమో!

రాసుకోవడానికి వచ్చింది పాత దొర మనవరాలు, మిస్ ఆగస్టా.

"మా తాతయ్య మంచివాడేనా, ముసలమ్మా?"

"బంగారంలాంటి దొర, దొరసానమ్మగారూ. కడుపునిండా పెట్టారు."

"పిల్లల్నేమైనా అమ్మారా?"

జెరూషా కాగు వైపు చూసింది. తన పింఛను కాగితం మీద సంతకం పెట్టేది ఈమె చిన్నాన్నే.

"లేదమ్మా."

మిస్ ఆగస్టా మురిసిపోయింది. వెళ్తూ వెళ్తూ, "అయ్యో, నీ కాగు బోర్లా పడిందే," అని తిన్నగా తిప్పి పెట్టింది.

డెబ్బై ఐదేళ్ల ఏడుపు ఒక్కసారిగా లేచి పత్తిచేల మీదుగా వెళ్లిపోయింది.

"ఎవరది?"

"పక్కింటివాళ్లు... పాడుకుంటున్నారమ్మా."

"ఎంత హాయిగా ఉన్నారో!" అదీ రాసుకుంది.

వారం తర్వాత అదే పుస్తకానికి రాసుకోవడానికి లవీనియా వచ్చింది. నల్లపిల్ల, కాలేజీలో చదువుతోంది.

"ఎవరి పిల్లవే, పుల్లలా ఉన్నావు? కాలేజీలో తిండి పెట్టరా?"

"పాఠాలు వడ్డిస్తారు, నాయనమ్మా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వెనకే నిజం వచ్చింది. కొరడా, వేలం బల్ల, పాలు కారే రొమ్ములతో బండి వెనక పరుగు. రాస్తూంటే లవీనియా పెన్సిలు రెండుసార్లు విరిగింది.

"పాప పేరు?"

జెరూషా కాగులో తల పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. లోపల ఒక ఎండుటాకుంది.

"మొన్నటిదాకా ఉంది, తల్లీ."

లవీనియా వంగి, కాగు అడుక్కంటా వినబడేలా "పాప పేరేంటి?" అని తనూ అడిగి చూసింది. కాగు బోర్లించి వెళ్లింది.

పేరు లేని కథకు రుజువేదని అడిగింది పుస్తకం వేసే ఆఫీసు. తెల్లావిడ రాసుకున్నదే చరిత్రయింది, పక్కింటి పాటతో సహా.

జెరూషా ఇప్పటికీ రోజూ అంచు ఎత్తుతుంది. లోపలినుంచి లవీనియా గొంతు అడుగుతుంది: "పాప పేరేంటి?"

రొట్టె మాడి కమురు వాసన వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంటుంది.