పసుపు చేపకు ఒక ముద్ద

ఆగస్టు ఎనిమిది, శుక్రవారం. ఆ పొద్దున సాలోమోను జొన్నరొట్టె, గోంగూర తొక్కు తిన్నాడు. అది అతనికి బాగా గుర్తు, ఎందుకంటే రొట్టె సగంలోనే వదిలేయాల్సి వచ్చింది.

కనకమామిడిలో అతను కాపలా ఉండే ఫాంహౌస్ హాలులో గోడ పొడవునా ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. దాని ముందు పీట వేసుకుని తినడం అతని అలవాటు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి పసుపు చేప గాజుకు మూతి ఆనించి ఉండేది. అరచెయ్యంత చేప. దానికి చిటికెడు రొయ్యల ముక్కలు వేశాకే తను రొట్టె తుంచేవాడు. మధ్యలో చాయ్ తాగినా అంతే. ఎదుట ఒకరు ఖాళీ నోటితో ఉండగా తినకూడదన్నది వాళ్లింటి పద్ధతి. భార్య కరుణమ్మ బతికున్నప్పుడు హిమాయత్‌నగర్‌లో వాళ్ల గుమ్మం ముందు ఆగిన షేర్ ఆటో డ్రైవరుకు కూడా పళ్లెం పెట్టేది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఒక్కడే తినలేకపోయాడు. డిగ్రీ చదివి, విత్తనాల దుకాణంలో లెక్కలు రాసిన మనిషి ఈ కాపలా పనికి ఒప్పుకున్నాడు. ఇక్కడ ఎదురుగా కూర్చోవడానికి ఈ చేప దొరికింది.

ఆ చిటికెడు ముక్కలే పురుగులను పెంచాయి. చేప తినగా మిగిలింది అడుగున కుళ్లింది. వానలు మొదలయ్యేసరికి రాళ్ల మీద తుప్పు రంగు మచ్చలు లేచాయి. దగ్గరగా చూస్తే ప్రతి మచ్చా పాకుతోంది. గోటి అంచంత పురుగులు, ఆకుల్లా బల్లపరుపువి. సన్నని పైపుతో రోజూ బకెట్లోకి లాగేవాడు. సాయంత్రం తేటగా కనిపించిన రాయి తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడేది. బకెట్ గుమ్మరించేటప్పుడు, ఇవీ ఆకలితో పుట్టినవే కదా అనిపించేది.

ఆ శుక్రవారం, అక్వేరియం బాగోగులు చూసే జితేందర్ మొయినాబాద్ నుంచి బండి మీద వచ్చాడు. లోపలికి వస్తూనే పీట పక్కన రొయ్యల డబ్బా చూశాడు.

"ఇంక వేస్తనే ఉన్నవా అన్నా? చేపను సాకుతున్నవా, పురుగులను సాకుతున్నవా?"

"దాని మొఖం చూడు తమ్మీ. ఆకలితోని ఉన్నది."

"దాని మొఖమే గంత. కడుపు పగిలేటట్టు తిన్నా గట్లనే చూస్తది."

సాలోమోను నవ్వాడు. జితేందర్ సంచిలోంచి పురుగులను చంపే మందు సీసా తీశాడు. నవ్వు ఆగిపోయింది.

"ముందుగాల పురుగులను సగం గుంజాలె అంటివి కద?"

"అంటి. ఇవి సచ్చేటప్పుడు ఇసం ఇడుస్తయి. గిన్ని ఒక్కపారే సస్తే చేప తట్టుకోదు. పది దినాలు ఆగుదమని సార్‌కు చెప్పిన. రేపు దోస్తులొస్తున్నరు, అద్దం లెక్క ఉండాలె అన్నడు."

సాలోమోను రొట్టె పక్కన పెట్టి, ఫాంహౌస్ యజమాని అయిన సార్‌కు ఫోన్ చేశాడు.

"సార్, జర నాలుగు దినాలు ఆగితే..."

"చేప పోతే ఇంకోటి తెస్తా. ఫికర్ చేయకు సాలోమోన్."

చేపను ముందే తీసి పక్కన పెడదామని ఒక బకెట్లో ఉప్పునీళ్లు నింపుకున్నారు. సాలోమోను చిటికెడు వేశాడు, చేప వచ్చింది. జితేందర్ వల దించగానే రాళ్ల సందులోకి దూరింది. ఆ తర్వాత ఎంతసేపు గాజు మీద వేలితో తట్టినా రాలేదు. అతను పిలిస్తే రాకపోవడం అదే మొదలు.

మందు పడ్డ కాసేపటికే పురుగులు రాళ్ల నుంచి పొరలు పొరలుగా ఊడి నీళ్లలో తిరిగాయి. పైపుతో లాగుతూనే ఉన్నారు. ముందే కలిపి ఉంచిన మిగతా ఉప్పునీళ్లన్నీ పోశారు. ఆ నీళ్లూ అయిపోయాయి. అప్పుడు చేప తనంతట తనే బయటికి వచ్చింది. ఒక పక్కకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ. ఇప్పుడు వల అక్కర్లేకపోయింది.

చేప కోసం నింపి ఉంచిన బకెట్లో, గాలి బుడగలు లేచేచోట, జితేందర్ దాన్ని రెండు అరచేతుల మధ్య నిటారుగా పట్టుకున్నాడు. చేవెళ్లలో వెళ్లాల్సిన ఇంకో చోటి నుంచి ఫోన్ మోగింది. ఎత్తలేదు. నడుము నొప్పి పెట్టినా చేతులు తీయలేదు. బయట వాన పట్టింది. వాన వెలిసే వేళకు మొప్పలు ఆగాయి.

"నేను పెట్టిన తిండే కద తమ్మీ, గింత చేసింది?"

జితేందర్ చేపను మెల్లగా బకెట్లోంచి ఎత్తాడు.

"ఆకలితోనైతే పోలే అన్నా," అన్నాడు.

కరివేపాకు చెట్టు మొదట్లో తడిమట్టి తవ్వి పెట్టారు. జితేందర్ వెళ్లిపోయాడు.

చీకటి పడ్డాక సాలోమోను అన్నం, చారు తెచ్చుకుని పీట మీద కూర్చున్నాడు. సార్ కోరినట్టే నీళ్లు అద్దంలా ఉన్నాయి. ప్రార్థన చేసి కళ్లు తెరిచాడు. గాజు అవతల ఎవరూ లేరు. చాలాసేపటికి, మూల రాయి కింది నుంచి ఒక్క పురుగు బయటపడి గాజు మీద పాకడం మొదలుపెట్టింది. అతను పైపు కోసం చెయ్యి చాపలేదు. అది ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత లేచి, బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు. చెయ్యి పెట్టని పళ్లెం లోపల పీట ముందే ఉండిపోయింది.