కోకనీ పెదవి

నేను పట్టిన చేపను నేను పట్టలేదట. ఆ మాట అన్నవాడు గారెట్. అమెరికాలోని ఐడహోలో మా సరస్సు మీద ఏటా జరిగే కోకనీ చేపల పోటీలో మూడేళ్లుగా అతనిదే మొదటి స్థానం. ఈసారి నా చేప అతని చేపకన్నా రెండంగుళాలు పొడుగు.

"ఫిర్యాదు వచ్చింది మేవిస్," అన్నాడు పోటీ పెద్ద ఓర్విల్, నా మొహంలోకి చూడకుండా. "రూలు తెలుసుగా. పట్నం నుంచి అబద్ధాలు పట్టే మిషనుతో ఒక మనిషిని పిలిపిస్తాం. నువ్వు కూర్చోవాలి."

గెలిచినవాళ్లను మిషను ముందు కూర్చోబెట్టొచ్చన్న రూలు ఎప్పట్నుంచో ఉంది. గారెట్ మూడుసార్లు గెలిచినా ఆ మిషను మనిషి ఒక్కసారీ ఊళ్లోకి రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

గారెట్ తనే ముందుకొచ్చాడు. "ఏమీ అనుకోకు పెద్దమ్మా. ఒక్కదానివే పడవ నడపాలి, గేలం చూసుకోవాలి, చేప కింద చేతివల పెట్టాలి. ఈ వయసులో, నూడుల్స్‌లా వంగిపోయే ఆ గేలం కర్రతోనా? వాగు మూతి దగ్గర వల కట్టి తెచ్చావంటే నమ్ముతా."

"అయితే నా పడవెక్కు," అన్నాను. "గేలం నాది, చెయ్యి నీది."

పదిమంది వింటున్నారు. ఎక్కక తప్పలేదు.

నా సరంజామాలో దాపరికం ఏమీ లేదు. ముందు తళుక్కుమనే రేకు, దాని వెనక జానెడు దూరంలో గులాబీ రంగు రబ్బరు కుచ్చు, కొక్కేనికి ట్యూనా నూనెలో, వెల్లుల్లిలో ఊరిన తెల్ల మొక్కజొన్న గింజ. బరువైన గుండుతో అరవై అడుగుల లోతుకు దించి, పడవను మనిషి నడకకన్నా నెమ్మదిగా, మెలికలు మెలికలుగా నడిపాను. మలుపు దగ్గర రేకు వేగం మారుతుంది. కోకనీ ఒళ్లు మండి కొరికేది అక్కడే.

మూడో మలుపులో కర్ర కొస వణికింది. గారెట్ రీలు బిగించి ఒక్క గుంజు గుంజాడు. దారం తేలికైపోయింది.

"జారిపోయింది," అన్నాడు.

"జారలేదు, నువ్వే తెంపావు."

కొక్కేనికి చిన్న పెదవి ముక్క మిగిలింది. కోకనీ పెదవి తడిసిన కాగితంతో సమానం. గారెట్ దారానికి మధ్యలో సాగే రబ్బరు ఉంటుంది, ఎంత గుంజినా అదే కాస్తుంది. నాకు రబ్బరు లేదు, వంగే కర్రే ఉంది. రెండో చేపనూ అలాగే పోగొట్టాడు.

మూడోది తగలగానే కర్ర నేనే తీసుకున్నాను. గుంజలేదు. మోకాలితో చుక్కాని పట్టి, ఆగకుండా, తొందరపడకుండా చుట్టుకుంటూ వచ్చాను. చేప పడవ పక్కకు రాగానే ఎడమచేత్తో దాని కింద చేతివల పెట్టాను. అందులో వింతేమీ లేదు, ఇరవై ఏళ్లుగా నాకు అదే పని.

ఒడ్డుకు రాగానే గారెట్ గొణిగాడు. "ఆమే పట్టి ఉంటుందిలే. నేను చూశాగా."

ఓర్విల్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేం, గారెట్ ఒప్పుకున్నాడు. మిషను అక్కర్లేదు."

పడవెక్కకముందుకన్నా అప్పుడే ఎక్కువ కోపం వచ్చింది.

"పొద్దున నా మాట చాల్లేదు. ఇప్పుడు అతని మాట చాలిందా?" అన్నాను. "ఫోన్ చెయ్యి ఓర్విల్. నేను కూర్చుంటా. నా తర్వాత గారెట్ కూర్చుంటాడు, గెలిచిన ఒక్కో ఏడాదికి ఒకసారి చొప్పున మూడుసార్లు."

"అంత దూరం ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు గారెట్. గొంతులో మునుపటి జోరు లేదు.

"నన్ను తోసినంత దూరమే కదా."

ఓర్విల్ నసుగుతూనే ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి మిషను మనిషి వచ్చి నా వేళ్లకు తీగలు చుట్టాడు. అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పి లేచాను. "నిజమే చెప్పింది," అన్నాడు అతను.

తర్వాత గారెట్‌ను పిలిచారు. అతని ట్రక్కు అప్పటికే వెళ్లిపోయింది. గెలిచినవాళ్ల పట్టీలో మూడేళ్లుగా ఉన్న అతని పేరును ఏం చెయ్యాలో ఓర్విల్ ఇంకా ఆలోచిస్తున్నాడు.