పెద్ద సైజు ప్యాకెట్లు

గేటు దగ్గర సంచులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. అనుమానపడితే జీతమిచ్చే చోటు నాకింకెక్కడ దొరుకుతుంది? ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో పసిపిల్లల డైపర్లు తయారయ్యేవి. పిల్లలు పుట్టడం తగ్గిపోయి ఆ మెషీన్లు మూలపడ్డాయి. ఇప్పుడన్నీ ముసలివాళ్ల సైజులే. చేసేదీ ముసలివాళ్లమే. కుర్రాళ్లు దొరక్క రిటైరైనవాళ్లను మళ్లీ పిలిచారు. మా ఆయన మెకానిక్కు, నేను గేటు.

కొన్నాళ్లుగా ప్యాకెట్లు మాయమవుతున్నాయి. నా కన్ను ప్యాకింగులో ఉన్న పెద్దక్క మీద పడింది. అందరిలోకీ పెద్దది, నా అన్నవాళ్లు లేరు, ఈ జీతం ఆగితే గది అద్దె కూడా కట్టలేదు. పైగా భోజనాల వేళ ఒక్కతే మెషీన్ల గది వెనక్కి వెళ్తుంటుంది. మేనేజరు చెవిన వేశాను. సాయంత్రం పిలిచి అడుగుతానని, తేలితే ఇంటికి పంపేస్తానని అన్నాడు.

ఇంట్లోనూ నాకు మనశ్శాంతి లేదు. మా ఆయన నడుంనొప్పి వంకతో వేరే గదిలో పడుకుంటున్నాడు. తలుపు గడియ పెట్టుకునే నడుంనొప్పి గురించి నేనెక్కడా వినలేదు.

ఆ మధ్యాహ్నం పెద్దక్క వెనకే చప్పుడు కాకుండా వెళ్లాను. చూస్తే మెషీన్ల గది వెనక ఆమెతో మా ఆయన. ఈ వయసులో ఇదేం పోయేకాలమని ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతుంటే, పెద్దక్క పనికోటులోంచి ప్యాకెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీ ఆవిడ నన్ను దొంగనుకుంటోంది తమ్ముడూ."

"పోనీ, షాపులో కొనుక్కుంటాలే అక్కా."

"సిగ్గుపడకుండా అడిగి కొనగలిగితే ఎప్పుడో కొనేవాడివి. ముందు ఇంట్లో చెప్పు."

"దానికి మాత్రం వద్దు. పక్క తడుపుకుంటున్నానని తెలిస్తే దాని ముందు తలెత్తుకోలేను."

ప్యాకెట్‌ను పనిముట్ల పెట్టె అడుగున దాచుకున్నాడు. మొగుడి పెట్టె కదా అని నేను ఏనాడూ తెరిపించలేదు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో నా దగ్గర దాచుకోవలసింది ఇదా?

సాయంత్రం మేనేజరు గదిలో పెద్దక్క కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఎంత అడిగినా ఉలకదు, పలకదు. మా ఆయన పేరు చెబితే చాలు, బయటపడేది. నేను తలుపు తోసుకుని వెళ్లాను.

"ఆమె కాదండీ. తీసింది నేను."

మేనేజరు నమ్మలేదు. "మీరా? ఎవరి కోసం?"

కిటికీ అవతల మా ఆయన నాకోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.

"నాకే," అన్నాను. "ఈమధ్య పక్క తడుపుకుంటున్నాను."