చిట్టి కూర్చునే సీటు

తలుపుల విషయంలో మన లిఫ్టు మెకానిక్‌కి పాఠం చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు, అదీ ఎవరూ అడక్కుండానే. ఏ భవనంలో లిఫ్టు ఆగిపోయినా మోటారుని అనుమానించేవాడు కాదు. తిన్నగా వెళ్లి తలుపుకి చెవి ఆనించేవాడు. నూటికి ఎనభై గొడవలు అక్కడే దొరికేవి. అందుకే బండి కొందామని వెళ్లిన షోరూములో ఎస్‌యూవీ పక్కన నిలబెట్టిన మినీవ్యాన్ తలుపు పక్కకి జరుగుతుందని తెలియగానే, ఆయన అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశాడు.

"జరిగే తలుపంటే ఏదో ఒకరోజు మొరాయించే తలుపే," అన్నాడు భార్యతో. "పొద్దస్తమానం వాటితోనే చస్తున్నాను. సెలవు రోజు కూడా వాటి మొహమే చూడమంటావా?"

"చూస్తే అరిగిపోతామా ఏంటండీ? రెండూ నడిపి చూద్దాం," అంది ఆవిడ. మందుల షాపులో పనిచేసే మనిషి. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చదవందే ఆవిడ చేయి దేని మీదికీ పోదు.

అసలు పెద్ద బండి కొనాలన్న ఆలోచన పుట్టింది కూతురి వల్ల. చిట్టికి పన్నెండేళ్లు. పుట్టుకతోనే చెవులు వినపడవు. అంతమాత్రాన నోట్లో నాలుక లేని పిల్ల అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇంట్లో అందరూ చేతులతో మాట్లాడడం నేర్చుకున్నారు, కానీ వాళ్లందరినీ మూటగట్టి పక్కన పెట్టగల వాగుడుకాయ చిట్టే. భోజనాల దగ్గర ఆమె చేతులు లేచాయంటే కవల తమ్ముళ్లు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయేవారు. నానమ్మ చేతులకి వ్యాకరణం తక్కువ, ఉత్సాహం ఎక్కువ. అయినా మనవరాలితో వాదనకి దిగడానికి ఆవిడ ఏ రోజూ వెనకాడలేదు.

అలాంటి పిల్ల కారెక్కితే మాత్రం ముడుచుకుపోయేది. ఈ మధ్య అసలు ఎక్కనే ఎక్కనంటోంది. సెలవుల్లో అందరం సముద్రం చూడ్డానికి పోదామని తండ్రి గొప్పగా ప్రకటించిన రోజున, "మీరు వెళ్లిరండి, నేను పిన్ని ఇంట్లో ఉంటాను," అని చేతులతో చెప్పేసి లేచిపోయింది. ఎందుకని అడిగితే భుజాలెగరేసింది. ఆ మాట తండ్రి గుండెలో ముల్లులా దిగింది. సముద్రం ఎక్కడికీ పోదు. పిల్లే దూరమైపోతోందేమోనని ఆయన భయపడ్డాడు. అయితే ఎంత భయాన్నైనా రెంచీ పెట్టి బిగించేయగలనని నమ్మే రకం కనక, కారణం కూడా తనే కనిపెట్టేశాడు. అయిదుగురి కారులో ఆరుగురం కూర్చుంటున్నాం, నానమ్మకీ కవలలకీ మధ్య పిల్ల పచ్చడైపోతోంది. విశాలమైన బండి, కిటికీ పక్కన సీటు ఇస్తే చిట్టి ఎగిరి గంతేసి వస్తుంది. ఆయన లెక్కలో అనుమానానికి చోటే లేదు.

ముందు ఎస్‌యూవీ తీశారు. స్టీరింగు పట్టుకోగానే మెకానిక్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. చిట్టికి మధ్య వరసలో కిటికీ పక్క సీటు ఇచ్చాడు. ఆమె పక్కన నానమ్మ, ఆ పక్కన బండి చూపించడానికి వచ్చిన షోరూము ఆవిడ, వెనక వరసలో కవలలు. రోడ్డు ఖాళీగా కనిపించేసరికి ఆయనకి హుషారొచ్చి, లిఫ్టులో ఇరుక్కుపోయిన పెద్దమనిషి కథ ఎత్తుకున్నాడు. తలుపు సందులోంచి బయటివాళ్లకి ఆఫీసు పనులు పురమాయించాడట ఆ మహానుభావుడు. నానమ్మ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు, అయినా పొట్ట పట్టుకుని నవ్వింది.

"చిట్టిని చూడు," అన్నాడు భార్యతో, అద్దంలోకి చూస్తూ. "కిటికీలోంచి కళ్లు తిప్పడం లేదు. చెప్పానా, దానికి కావలసింది చోటేనని!"

భార్య వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకి తిరిగింది.

"బండి బాగానే ఉంది గానీ, ఒరేయ్, దిగడానికి నిచ్చెన వేయించు," అంది నానమ్మ.

తర్వాత మినీవ్యాన్ వంతు. మెకానిక్ మొక్కుబడిగా తాళంచెవి పుచ్చుకున్నాడు. ఈలోగా షోరూము ఆవిడ మధ్య వరసలో ఒక సీటు కిందున్న మీట నొక్కింది. సీటు గిర్రున వెనక్కి తిరిగింది.

"ఇలా తిప్పుకుని కూడా ప్రయాణం చెయ్యొచ్చు సార్. బెల్టు సీటుకే ఉంటుంది," అందావిడ.

"పోయే దారి వదిలేసి వెనక వరసని చూస్తూ కూర్చోవడం ఎవరికి సరదా అమ్మా?" అన్నాడాయన.

ఎవరికో చూడ్డానికి ఆయన వెనక్కి తిరగలేదు. అప్పటికే చిట్టి ఆ సీట్లో ఎక్కి బెల్టు బిగించుకుంది. ఎదురుగా వెనక వరసలో నానమ్మ, అటూ ఇటూ కవలలు. షోరూము ఆవిడ రెండో సీట్లో ఒదిగింది. బండి కదిలింది.

మొదటి మలుపు తిరిగారో లేదో, వెనక నుంచి నానమ్మ నవ్వు వినిపించింది. ఆ వెంటనే కవలలు కిచకిచమన్నారు.

"ఏంటి? ఏమైంది?" అన్నాడు మెకానిక్.

నవ్వు పెద్దదైంది. భార్య సీట్లో పూర్తిగా పక్కకి తిరిగిపోయి వెనక్కే చూస్తోంది, నోటికి చేయి అడ్డం పెట్టుకుని.

"ఏంటే? నాకూ చెప్పు!"

"ఉండండి, ఉండండి..." అంది ఆవిడ, కళ్లు తిప్పకుండానే.

అద్దంలోకి చూశాడు. కూతురి జడ, అటూ ఇటూ ఎగిరే రెండు మోచేతులు తప్ప ఏమీ కనిపించలేదు. షోరూము ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆవిడ కూడా నవ్వేస్తోంది.

"అమ్మా, నువ్వైనా చెప్పవే!"

"నడిపేవాడివి నడపరా. ఏం లేదులే," అంది నానమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఏం లేదట! ఇంత నవ్వు నవ్వి ఏం లేదట! ఆయనకి ఒళ్లు మండింది. తన బండిలో, తన మనుషులంతా, తనకి ప్రవేశం లేని కథలో కులాసాగా ఉన్నారు. అడుక్కుంటే తప్ప చెప్పేవాళ్లు లేరు, అడుక్కున్నా చెప్పేవాళ్లు లేరు. ఆ ఉక్రోషంలోనే, ఎవరో వెనక నుంచి తట్టినట్టు, ఆయనకి అర్థమైంది. చిట్టి తన భుజం తట్టి "ఏంటి నాన్నా?" అని అడిగిన ప్రయాణాలు ఎన్నో. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఒక్క చేత్తో, ఏం లేదని తేల్చేసింది తనే. కారంతా నవ్విస్తున్నానని తను మురిసిపోయిన ప్రతిసారీ ఆ పిల్ల అందరి జుట్లూ చూస్తూ కూర్చుంది. చోటు చాలక కాదు, మొహాలు కనబడక.

బండి రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు.

"ఇంజిన్లో ఏమైనా తేడానా సార్?" అంది షోరూము ఆవిడ కంగారుగా.

"ఇంజిన్లో ఏమీ లేదమ్మా," అని దిగి, చుట్టూ తిరిగొచ్చి, పక్క తలుపు జరిపాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ సమయంలోనూ చెవి రిక్కించాడు. తలుపు కిమ్మనకుండా పక్కకి పోయింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

గుమ్మం మీద చతికిలబడి, కూతురి వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తాడు.

"నాకు చెప్పు."

చిట్టి తండ్రిని ఎగాదిగా చూసింది. "ముక్కలో చెప్పనా, మొత్తం చెప్పనా?"

"మొత్తం. మొదటి నుంచి."

పిల్ల లేచి సర్దుకుంది. కథలో హీరో ఆయనే. షోరూములో అడుగుపెట్టి, మెడ సాచి, కనిపించిన ప్రతి తలుపుకీ చెవి ఆనిస్తూ, చివరికి ఆఫీసు గది తలుపుకి కూడా చెవి ఆనించి, లోపలివాళ్లు బయటికొస్తే డాక్టరులా తల పంకించిన నాన్న. ఆయన మీసం, ఆయన నడుము మీద చేయి, ఒక్కటి కూడా పొల్లు పోలేదు. నానమ్మ రెండోసారి కూడా అంతే నవ్వింది. మెకానిక్ అయితే గుమ్మం మీంచి జారిపోయేంతగా నవ్వాడు.

నవ్వాగాక, కాస్త బెరుగ్గా అడిగాడు. "ఈ బండైతే సముద్రానికి వస్తావా?"

"ఎంతసేపు ప్రయాణం?"

"చాలా దూరం అమ్మలూ. పొద్దున్న బయల్దేరితే రోజంతా పడుతుంది."

చిట్టి వెనక వరసలో తన వాళ్లని ఒకసారి చూసుకుని, తండ్రి వైపు తిరిగి పెదవి విరిచింది.

"అంతేనా?"